గది ఎరిగిన పాలు

ఓడ్నీ, నేను చాలా ఏళ్లు ఒకే కోత బల్లకు అటూ ఇటూ నిలబడి పనిచేశాం. స్కార్వ్ దీవిలో మా ఆడవాళ్లలో చాలామందిది అదే బతుకు. పడవలు దింపిన కాడ్ చేపల్ని కొయ్యడం, ముళ్లు తియ్యడం, పెట్టెల్లో సర్దడం. ఓడ్నీ పొడగరి, వెడల్పు భుజాల మనిషి. చన్నీళ్లలో నాని నాని ఆమె మణికట్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. నోరు కూడా చేతిలో కత్తికి ఏమాత్రం తీసిపోయేది కాదు. ఒకసారి సూపర్‌వైజరు కొత్తగా చేరిన అమ్మాయి మీద కేకలేస్తుంటే, తల ఎత్తకుండానే, "నీ గొంతు కాస్త ఐసులో పెట్టుకోవయ్యా, కుళ్లిపోయేలా ఉంది" అంది. ఆ సీజనంతా ఆ మనిషి మా బల్ల వైపు రాలేదు.

ఆమె భర్త స్టైనార్ తన అన్నతో కలిసి చిన్న పడవ నడిపేవాడు. మాటలు తక్కువ. పెళ్లయి ఎన్నాళ్లయినా వాళ్లకు పిల్లలు కలగలేదు. ఇద్దరూ ఆ ఊసే మానుకున్నాక, ఓడ్నీకి నలభై దగ్గర పడుతుండగా కడుపు పండింది. ఆరో నెల నడుస్తోంది. సూర్యుడు ఇంకా కొండ దాటి పైకి రాని జనవరి రోజులు. ఒక పొద్దున బల్ల దగ్గర కత్తి కింద పెట్టి నడుం పట్టుకుంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు హెర్దిస్. పట్టేసింది."

కాసేపటికి ఆమె రబ్బరు బూట్ల పక్కన నీళ్లు చూశాను. అక్కడ నేల ఎప్పుడూ తడే. అయినా ఆ తడి వేరని ఇద్దరికీ తెలిసిపోయింది.

హెలికాప్టర్‌లో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. మగబిడ్డ. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత. చర్మం కింద నరాలన్నీ కనిపించేంత పలచగా ఉన్నాడట. ఐలిఫ్ అని పేరు పెట్టుకున్నారు. గొట్టాలతో, తీగలతో గాజు పెట్టెలో పడుకోబెట్టారు. స్టైనార్ మూడు పూటలూ ఆ పెట్టె పక్కన నిలబడి, ఏమీ ముట్టుకోకుండా, చేతులు జేబుల్లో పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత సముద్రం మీదికి వెళ్లక తప్పలేదు. అప్పుడు కాడ్ సీజన్. ఏడాది తిండి ఆ కొద్ది వారాల్లోనే సంపాదించుకోవాలి.

ఓడ్నీ ఆసుపత్రి పక్కనే తల్లులుండే గదుల్లో ఉండిపోయింది. హిల్డుర్ అని ఒక నర్సు ఆమెకు పాలు పిండుకోవడం నేర్పింది. మొదటిరోజు ఎంత తిప్పలు పడ్డా చెంచా అడుగు మాత్రమే తడిసింది.

"ఇంతేనా? మా ఇంటి పిల్లి కూడా మూతి తిప్పుకుంటుంది దీనికి," అంది ఓడ్నీ.

"మీవాడి పొట్ట బఠాణీ గింజంత. వాడికిది పెళ్లి భోజనం. ఒక్క చుక్క పారబోశావంటే నేనూరుకోను," అంది హిల్డుర్.

ఆ నర్సుకు అరవై దాటాయి. ఎవరు ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పేది. ఓడ్నీ ఒకరోజు ఆమెను నిలదీసింది. పాలు సీసాలో పోసి ఇస్తున్నాను కదా, పొద్దుగూకులూ ఈ గదిలోనే కూర్చోమంటారెందుకు, వాణ్ణి గుండెల మీద పడుకోబెట్టుకోమంటారెందుకు అని.

హిల్డుర్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నెలలు నిండిన బిడ్డకి పేగు గోడలో సన్నటి గుంటలుంటాయి. ఒక్కో గుంట అడుగున కొన్ని కణాలు చేరి క్రిముల్ని చంపే మందు ఊరిస్తుంటాయి. ఇంకొన్ని కణాలు జిగురు వదిలి గోడంతా పూత పూస్తాయి. మీవాడికి అవి ఇంకా చాలినన్ని పుట్టలేదు. పుట్టిన నాలుగూ పని నేర్చుకోలేదు. క్రిములేమో వీడికి నెలలు నిండేదాకా ఆగవు."

"మరెట్లా?"

"అందాకా నీ పేగు పనిచెయ్యాలి. నువ్వు ఈ గదిలో కూర్చుంటావు, ఈ తలుపు ముట్టుకుంటావు, వాడి నెత్తిన ముద్దు పెడతావు. ఇక్కడున్న క్రిములు నీ కడుపులోకి పోతాయి. నీ పేగులో కొన్ని కణాలకి అదే ఉద్యోగం. వచ్చిన ప్రతి క్రిమినీ పట్టుకుని, గోడ వెనకున్న రక్షణ కణాలకి చూపిస్తాయి. చూసినవి అక్కణ్ణించి బయల్దేరి నీ రొమ్ముకి చేరతాయి. ఆ క్రిమికి తగిన విరుగుడు పాలల్లో కలుపుతాయి. ఈ గదికి సరిపడే పాలు ఈ గదిలో కూర్చున్నదానికే వస్తాయమ్మా."

ఆ సాయంత్రం ఓడ్నీ నాకు ఫోన్ చేసింది. గొంతులో ఎన్నడూ లేని గర్వం. "ఒసే హెర్దిస్, నేనిక్కడ ఊరికే కూర్చోలేదే. ఈ గదిలో మురికంతా మింగి మావాడికి మందు చేస్తున్నా. నన్ను చూసి మందుల కంపెనీవాళ్లు నేర్చుకోవాలి."

పాలు పెరిగాయి. ఐలిఫ్ కాస్త కాస్త తాగడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి ఫ్రీజర్‌లో ఓడ్నీ పేరున సీసాలు వరుస కట్టాయి. ఫిబ్రవరి మధ్యకు ఊపిరి గొట్టం తీసేశారు. అప్పుడు స్టైనార్ ఫోన్ చేశాడు.

"అద్దంలో మొహం చూసుకున్నావా ఈమధ్య? శనివారం రా. ఒక్క పూట ఇంటి మంచం మీద పడుకో. చేప ఉడకేస్తాను, కార్జం, గుడ్ల జన అన్నీ వేసి."

"వాణ్ణి వదిలేసి ఎట్లా వస్తాను?"

"వాడికి పాలు ఉన్నాయి, నర్సులున్నారు. నాకెవరున్నారు?"

స్టైనార్ అలాంటి మాట అనే మనిషి కాదు. అందుకే ఓడ్నీ వచ్చింది.

ఆ వారం దీవి అంతా వాంతుల జబ్బుతో పడి ఉంది. మా చేపల కంపెనీలో సగం బల్లలు ఖాళీ. నేను కూడా బకెట్టు పక్కన పెట్టుకుని మంచమెక్కాను. ఓడ్నీ శనివారం చేప తిన్నది, ఆదివారం తిరుగు పడవకు సంచి సర్దుకుంటూ సర్దుకుంటూ సింకు మీదికి వంగింది.

హిల్డుర్ ఫోన్లో కచ్చితంగా చెప్పింది. "వాంతులు పూర్తిగా ఆగి రెండు రోజులు గడవాలి. అప్పటిదాకా మా గడప తొక్కకు. నువ్వు ముందు దాచిన పాలే పడతాం. వాడు బాగున్నాడు."

బాగానే ఉన్నాడు. ఓడ్నీకి జబ్బు తగ్గి, రేపు బయల్దేరాలనుకుంటుండగా డాక్టర్ సిగ్రున్ ఫోన్ చేసింది. బిడ్డ పొట్ట ఉబ్బింది, ఆకుపచ్చగా కక్కుతున్నాడు, మలంలో రక్తం కనిపించింది. పాలు ఆపేసి మందులు ఎక్కిస్తున్నాం, వెంటనే రండి.

ప్రయాణికుల పడవకు ఇంకా టైముంది. స్టైనార్ తన పడవలోనే ఆమెను తీసుకెళ్లాడు. గాలి ఎదురు. వాళ్లు చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. పొట్ట కోసి చూస్తే పేగు చాలామేర నల్లబడి ఉందట. మళ్లీ కుట్టేశారు. కత్తితో చేయగలిగింది ఇంకేమీ లేదు.

గొట్టాలు తీసి ఐలిఫ్‌ను ఓడ్నీ గుండెల మీద పెట్టారు. సాయంత్రం కొండల వెనక కాస్త వెలుతురు ఉండగానే పోయాడు. స్టైనార్ ఈసారి జేబుల్లోంచి చేతులు తీశాడు. వాడి పాదం తన వేలి చివర పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టర్ సిగ్రున్ వయసులో చిన్నది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వాళ్లకెదురుగా కూర్చుని చెప్పింది. "ఇది నీకొచ్చిన జబ్బు కాదు, ఓడ్నీ. పరీక్ష చేశాం, అది వాడిలో లేదు. ఎవరి పేగులోనైనా ఉండే మామూలు క్రిములే గోడలోకి చొరబడ్డాయి. నెలలు నిండని పిల్లల్లో ఆ గోడకి కాపలా తక్కువ."

"నేను ఇక్కడే ఉండుంటే?"

"తల్లులు పక్కనుండగానే ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎంతమందో ఉన్నారు."

"నేనడిగింది అది కాదు. ఈ వారం గదిలోకి కొత్తగా వచ్చిన క్రిములు నా పాత పాలకి తెలియవు కదా. నేను ఇక్కడుండుంటే తెలిసేవి. అవునా కాదా?"

సిగ్రున్ ఆమె కళ్లలోకి చూసింది. "తెలియదు," అంది.

కాదు అని చెప్పి ఉంటే బాగుండేదేమో. ఓడ్నీ మాత్రం ఆ డాక్టరును ఎన్నడూ తప్పుపట్టలేదు. అబద్ధం చెప్పి ఉంటే మొహం చూసి కనిపెట్టేదాన్ని, అప్పుడు అసలు ఎవర్నీ నమ్మేదాన్ని కాదు అనేది.

మా చర్చి పక్కన గడ్డకట్టిన నేలను యంత్రంతో తవ్వించి ఐలిఫ్‌ను పూడ్చారు. స్టైనార్ ఆ చిన్న పెట్టెను తనే ఎత్తుకుని నడిచాడు. ప్రార్థన జరుగుతుండగా ఓడ్నీ కోటు ముందు భాగం తడవడం చూసి నా శాలువా తీసి కప్పాను. పాలు ఆగలేదు. బిడ్డ పోయిన సంగతి ఆమె ఒంటికి ఇంకా తెలియలేదు.

"ఆపెయ్యడానికి మాత్రలున్నాయట," అన్నాడు స్టైనార్ ఇంటికి వచ్చాక.

ఆమె పిండుతూనే ఉంది, సీసాలు నింపి చేపల పక్కనే ఫ్రీజర్‌లో పెడుతూనే ఉంది. ఒకరోజు వాటన్నిటినీ బుట్టలో వేసుకుని రేవు చివరికి బయల్దేరింది. నేను వెంటపడ్డాను. ఒక సీసా మూత తీసి నీళ్ల మీదికి వంచింది. పాలు ఇంకా గడ్డకట్టే ఉన్నాయి, జారలేదు. మూత బిగించి అక్కడే ఉన్న తాడు చుట్ట మీద కూలబడింది.

"చేతకాలేదే హెర్దిస్. గడ్డ కరిగేదాకా ఆగే ఓపిక కూడా లేదు."

అక్కణ్ణించే హిల్డుర్‌కు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"ఇవేం చెయ్యమంటావ్?"

"నీకిష్టమైతే మా పాల బ్యాంకుకి పంపు. నీకు రక్తపరీక్ష ఒకటి చేస్తాం. ఇష్టం లేకపోతే ఎవరూ ఏమీ అనుకోరు."

"మా ఐలిఫ్ ఉన్న గదిలో ఇప్పుడెవరున్నారు?"

"అది నేను చెప్పకూడదు, ఓడ్నీ."

"పాలు లేనివాళ్లున్నారా, లేరా? అదైనా చెప్పు."

హిల్డుర్ గొంతు తగ్గించింది. "ఉన్నారు," అంది.

ఓడ్నీ మర్నాటి పడవలో వెళ్లిపోయింది. వెళ్లేముందు ఇంట్లో పెద్ద గొడవైంది. స్టైనార్ గొంతు పక్కనే ఉన్న మా వంటింట్లోకి వినపడింది. అతను అరవగా వినడం అదే మొదటిసారి.

"పాలు పంపు, కాదనను! అక్కడికి పోయి కూర్చోవడమెందుకు?"

"గది ఎరిగిన పాలు కావాలంటే గదిలో కూర్చోవాలి."

"మనవాడికి పనిచెయ్యని పాలు ఇంకెవడికి పనిచేస్తాయే?"

ఆ తర్వాత తలుపు చప్పుడు. ఆ మాట అతను వెనక్కి తీసుకోలేదు, ఆమె మరిచిపోలేదు.

ఆసుపత్రిలో ఆమె అడిగింది విని సిగ్రున్ తల పట్టుకుంది. "నిన్ను అక్కడ కూర్చోబెడితే బిడ్డకి మేలు జరుగుతుందని నేను రాసివ్వలేను, ఓడ్నీ. ఇది రుజువైన వైద్యం కాదు."

"కీడు జరుగుతుందా?"

"బిడ్డకి జరగదు. నీకే జరుగుతుందేమో."

"నా సంగతి వదిలెయ్యండి."

ఐలిఫ్ ఉన్న గదిలో ఇప్పుడున్న బిడ్డ తండ్రి నిల్లాస్, లోపలి మైదానాల్లో రెయిన్‌డీర్ మందలు మేపే సామీ తెగ మనిషి. భార్య రావ్నా కాన్పులో నెత్తురంతా పోయి వేరే వార్డులో తెలివి తప్పి పడి ఉంది. అమ్మాయి పేరు మారెత్, ఐలిఫ్ కంటే కాస్త పెద్దది, అంతే. నిల్లాస్ ఓడ్నీని ఎగాదిగా చూశాడు.

"మా మందలో తల్లి పోయిన పిల్లని ఇంకో తల్లి దగ్గరికి తోలితే కొమ్ములతో కుమ్ముతుంది. నువ్వేమో అడిగి మరీ వస్తున్నావు. కూర్చో," అన్నాడు.

ఓడ్నీ కూర్చుంది. కొడుకు పోయిన గదిలోనే, అదే కిటికీ పక్కన. మారెత్‌ను ముట్టుకునేది కాదు. అది తండ్రి పని అనేది. తలుపు పిడి ముట్టుకునేది, ఆ గాలి పీల్చేది, వేళకు పక్కగదికి వెళ్లి పాలు పిండి ఇచ్చేది. రావ్నా తేరుకుని, చక్రాల కుర్చీలో మొదటిసారి కూతుర్ని చూడటానికి వచ్చేదాకా అలాగే సాగింది.

"ఎవరీవిడ?" అంది రావ్నా.

నిల్లాస్ చెప్పబోయాడు. ఓడ్నీయే ముందు నోరు తెరిచింది. "పాలు ఇస్తున్నాను."

"మంచిది. ఇచ్చి పో. కూర్చోవడమెందుకు?"

ఓడ్నీ వివరించబోయింది. పేగుల్లో కణాలు, గదిలో క్రిములు, పాలల్లో విరుగుడు. హిల్డుర్ చెప్పినంత చక్కగా ఆమెకు రాలేదు. రావ్నా మొహం తెల్లగా పాలిపోయి ఉంది, కళ్లు మాత్రం మండుతున్నాయి.

"అంటే నీ పేగులు పనిచేస్తున్నాయి, నీ రొమ్ములు పనిచేస్తున్నాయి, నావి చచ్చాయి. ఆ కబురు చెప్పడానికి ఇక్కడ తిష్ఠ వేశావా?"

"మావాడు ఇదే గదిలో పోయాడు," అంది ఓడ్నీ.

"అయితే? నా కూతురి మంచం పక్కన నీ చావు తెచ్చి పెడతావా?"

ఓడ్నీ లేచి వరండాలోకి వెళ్లిపోయింది. మర్నాడు వరండాలోనే కూర్చుంది. ఆ పైరోజూ అంతే. చివరికి రావ్నా నర్సుతో చెప్పించింది. "ఆ మూల కుర్చీలో కూర్చోమను. నా వైపు చూడొద్దను."

అలా ఇద్దరూ ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గడిపారు. మంచు కరగడం మొదలైంది. మారెత్ ఒళ్లు చేస్తోంది. ఒకరోజు రావ్నా కూతుర్ని గుండెల మీద పడుకోబెట్టుకుని ఉండగా పాపాయి ఆకుపచ్చగా కక్కింది. ఆ రంగు ఏమిటో ఓడ్నీకి తెలుసు.

వార్డు ఒక్కసారిగా ఉరుకులు పరుగులైంది. బిడ్డను ఎక్స్‌రేకు తీసుకెళ్లాక గదిలో ఆడవాళ్లిద్దరే మిగిలారు.

"నీ పాలే!" అంది రావ్నా. "నీ పాలే చేశాయి! నీ ఇంట్లో చంపింది చాలక నా ఇంటికొచ్చావు!"

ఓడ్నీ నాకు ఈ సంగతి చెబుతూ ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఆగిపోయేది. రావ్నా మీద కోపం రాలేదా అని అడిగాను. "కోపమెందుకే? నేను లోపల అనుకుంటున్నదే ఆమె పైకి అనేసింది."

మారెత్‌కు పాలు ఆపేశారు. ఓడ్నీ మాత్రం వేళ తప్పకుండా పక్కగదికి వెళ్లి పిండుతూనే ఉంది. తాగేవాళ్లు లేరు. ఎందుకని హిల్డుర్ అడిగితే, "మళ్లీ మొదలుపెట్టే రోజుకి ఈ గది సంగతి తెలిసిన పాలు ఉండొద్దూ?" అంది. ఆ రోజు వస్తుందని ఆమెకు నమ్మకం లేదు. చేతులు ఊరుకోలేదు, అంతే.

పాపకు ఆపరేషన్ చేసి నల్లబడిన పేగు ముక్క తీసేశారు. మిగతా పేగు బతికే ఉంది. మలం పోవడానికి పొట్ట మీద సంచి కట్టారు. పాప కళ్లు తెరిచిన రోజు సిగ్రున్ గదిలోకి వచ్చి ఇద్దరినీ చూసి, ఎవరూ అడక్కముందే చెప్పింది. "పాలు కాపాడాయా అంటే చెప్పలేను. పాలు లేకపోతే ఇంకా ముందే వచ్చేదా అంటే అదీ చెప్పలేను. పాలవల్ల మాత్రం రాలేదు. ఆ ఒక్కటీ చెప్పగలను."

రావ్నా సగం విని మొహం తిప్పుకుంది. కాసేపయ్యాక గోడకేసి చూస్తూ, "రేపణ్ణించి చుక్క చుక్క మొదలుపెడతారట. పాలున్నాయా?" అంది.

"ఉన్నాయి."

వాళ్లిద్దరి మధ్య సంధి అంటూ కుదిరింది ఆ మాటలతోనే. రావ్నా నోట థాంక్స్ అన్న మాట ఎన్నడూ రాలేదు.

వేసవి మధ్యలో, మా దగ్గర పొద్దు అసలు కుంకని రోజుల్లో, ఓడ్నీ పాలు వాటంతటవే తగ్గి ఆగిపోయాయి. సంచి సర్దుకుని వచ్చేసింది. మళ్లీ నా ఎదురుగా బల్ల దగ్గర నిలబడింది. చేతివేగం అంతే ఉంది, నోరు మాత్రం మునుపటిలా ఆడలేదు. సూపర్‌వైజరు ఎవరినేమన్నా తల వంచుకునే ఉండేది.

స్టైనార్‌తో ఒకే ఇంట్లో ఉండేది, ఒకే బల్ల మీద తినేది. ఇద్దరూ అద్దెకు దిగినవాళ్లలా మసలుకునేవారు. ఆ చలికాలం మళ్లీ కాడ్ వచ్చింది. ఒక సాయంత్రం అతను చేప తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోకుండానే నిలబడ్డాడట.

"నేనే పిలిచాను," అన్నాడు.

ఓడ్నీ చేపను తన వైపు జరుపుకుంది.

"ఆ శనివారం నేను పిలవకుండా ఉంటే నువ్వు అక్కడే ఉండేదానివి. ఏడాది బట్టీ ఆ మాట నువ్వు అంటావేమోనని చూస్తున్నాను. అను."

"పిలిచావు, వచ్చాను," అంది ఓడ్నీ. "చేప బాగుంది ఆ రోజు."

ఆ రోజు ఇద్దరూ కలిసి ఏడ్చారట. కలిసి ఏడవడంతో అన్నీ సర్దుకుపోలేదు. స్టైనార్ చిన్న పడవ అన్నకు వదిలేసి, దూరసముద్రాలకు పోయే పెద్ద ట్రాలర్‌లో చేరాడు. కొన్ని వారాలు ఇంట్లో, కొన్ని వారాలు నీటి మీద. ఆ ఎడం ఉండబట్టే వాళ్ల కాపురం నిలిచిందని నాకనిపిస్తుంది. మళ్లీ పిల్లలు కలగలేదు.

రావ్నా మాత్రం ఏడాదికోసారి ఫోన్ చేస్తుంది. రెయిన్‌డీర్ దూడలు పుట్టే వేళకు చేస్తుంది కాబట్టి ఓడ్నీకి ముందే తెలుసు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అక్కడ మంచు ఎంత పడింది, ఇక్కడ చేప ఎలా ఉంది, అమ్మాయి బరువు పెరగలేదు, మళ్లీ ఆసుపత్రిలో ఉంచారు, ఇప్పుడు పర్లేదు. అంతటితో పెట్టేస్తారు.

ఈ వసంతంలో ఫోన్ వచ్చినప్పుడు నేను ఓడ్నీ వంటింట్లోనే కాఫీ తాగుతున్నాను. అటువైపు నుంచి చిన్నపిల్ల గొంతు. పేగు పొట్టి కావడంతో ఆ పిల్లకు సగం తిండి ఒంటబట్టదని, వయసుకు తగ్గ పొడుగు లేదని ఓడ్నీ నాకు చెప్పి ఉంది. గొంతు మాత్రం ఖంగుమంటోంది.

"అమ్మ దూడ దగ్గరుంది. నన్ను మాట్లాడమంది. ఏం మాట్లాడాలి?"

"ఏదో ఒకటి చెప్పు. పొద్దున ఏం తిన్నావు?"

"జావ. నాకిష్టం లేదు. సగం కుక్కకి పెట్టాను. అమ్మకి చెప్పకు."

"చెప్పను," అంది ఓడ్నీ. "కానీ రేపు మొత్తం తాగు."

"రేపు కూడా సగమే," అంది ఆ పిల్ల. ఆ తర్వాత దూడ లేచి నిలబడిందని ఎవరో కేకేస్తే ఫోన్ అలాగే వదిలేసి పరుగెత్తింది. అటువైపు కుక్కల అరుపులు, మనుషుల గొంతులు వినపడుతూ ఉన్నాయి. ఓడ్నీ చాలాసేపు ఫోన్ పెట్టెయ్యకుండా చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది.